కృపావతి వార్డులో కొత్త నాన్నలు

అమెరికాలో పార్సిప్పనీ ఊరి దగ్గరి ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సు కృపావతి నడిస్తే చప్పుడు వినిపించదు. అరచేతులు రెండూ రుద్ది వెచ్చబెట్టుకున్నాకే ఏ బిడ్డనైనా తాకుతుంది. ఆమె గుడివాడ నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంటింటా అరడజను చొప్పున పుట్టిన తరం, పిల్లల్ని తర్వాత చూసుకుందాంలే అనుకుని, ఈ పందొమ్మిదివందల ఎనభై నాలుగులో, నలభైకి దగ్గరపడ్డాక, తొలి కాన్పుకి ఆమె వార్డు ముందు బారులు తీరింది. అందరి చేతుల్లోనూ పిల్లల పెంపకం పుస్తకాలే.

ఆ ఉదయం డేవిడ్ అనే నెరిసిన గడ్డం తండ్రి, గుక్కపట్టి ఏడుస్తున్న కూతుర్ని తొట్టిలోనే ఉంచి, కంగారుగా పేజీలు తిప్పుతున్నాడు. "మేం ఏడుగురం. మా నాన్న ఒక్కర్నీ ఎత్తుకోలేదు. నాకెలా వస్తుంది?" అన్నాడు.

"పుస్తకం ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటా. పాపను మీరు పట్టుకోండి," అంది కృపావతి. అతని మోచేయి వంచి, పాప తల అక్కడ ఆనించి, "ఊరుకో తల్లీ, మీ నాన్నకీ ఇదే మొదటిసారి," అంది తెలుగులో. పాప వెక్కుతూ వెక్కుతూ సర్దుకుంది. డేవిడ్ ఊపిరి వదిలి నవ్వాడు.

"మీకెంతమంది పిల్లలు?" అని అడిగాడు.

"ఈ వారంలోనా? పదకొండుమంది," అంటూ కృపావతి పక్క గదిలోకి వెళ్ళిపోయింది.