శేషమెంతని అడిగిన అయ్యవారు

శేషాద్రి అయ్యవారు ఇక లేరు. పాకాల నుంచి వచ్చిన ఆయన శిష్యుడొకడు ఆ మాట చెబితే నేను నమ్మలేదు. మొన్న ఆదివారమే తిరుపతిలో మా అరుగు మీద కూర్చుని నాతో పోట్లాడి, కాఫీ తాగి వెళ్లిన మనిషి. దేవుడు లేడని నేను, ఉన్నాడని ఆయన. ఇన్నేళ్ల వాదంలో ఒకరినొకరం మార్చుకోలేదు, విడిచిపెట్టుకోనూ లేదు.

ఆయన పాకాల బడిలో లెక్కలు చెప్పారు. భాగహారం చేయించినప్పుడల్లా "శేషమెంత?" అని గద్దించేవారు. పిల్లలు చాటుగా 'శేషం అయ్యోరు' అనేవారు. అది తెలిసి ఆయన మురిసిపోయారు.

ఆయన చెల్లెలు రాజమ్మ క్షయ నుంచి కోలుకుంటున్న రోజుల్లో, తిరుపతి సత్రంలో దిగిన ఒక స్వామి ఆమెకు 142857 అనే సంఖ్యను ఉపదేశించాడు. రెండుతో గుణిస్తే 285714. మూడుతో గుణిస్తే 428571. అవే అంకెలు, అదే వరుసలో చక్రంలా తిరుగుతాయి. "ఇది ఏడుకొండలవాడి సంఖ్య. జపించు, మాత్రలు మాను" అన్నాడు. ఆమె మానేసింది. దగ్గు మళ్లీ మొదలైంది.

అయ్యవారు ఆమెను వెంటబెట్టుకుని సత్రానికి వెళ్లారు. నేనూ వెళ్లాను. ఆ స్వామిని దులిపేద్దామని నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కారు.

"నువ్వుండప్పా. అరిస్తే ఆయమ్మి బెదురుకుంటాది."

తర్వాత స్వామికి దండం పెట్టారు. "ఏడుకొండలవాడి సంఖ్య గదా సామీ, ఏడుతో గూడా గుణించి సూపించండి."

స్వామి జపమాల అందుకున్నాడు. చుట్టూ చేరిన జనంలో ఒకడు లెక్క కట్టి, "అన్నీ తొమ్మిదులే! సక్రం యాడికి పాయె సామీ?" అన్నాడు. సత్రమంతా నవ్వింది. అయ్యవారు నవ్వలేదు. చెల్లెలికి సుద్దముక్క ఇచ్చి, నేల మీద ఒకటిని ఏడుతో భాగించమన్నారు.

"సున్నా సేర్చు. శేషమెంత?"

"మూడు."

"మళ్లా సేర్చు."

"రెండు."

ఆరు, నాలుగు, ఐదు వచ్చాయి. ఆపైన ఆమె చెయ్యి ఆగింది. "ఒకటి! మొదలుపెట్టింది ఒకటితోనే గదన్నా. మళ్లా అయ్యే వస్తాయి."

భాగఫలంలో 142857 నిలిచి ఉంది.

"ఏడుతో భాగిస్తే ఒకటి మొదలు ఆరు దాకానే గదమ్మా మిగిలేది. తిరక్కుండా యాడికి పోతాయి? సూసేదానికి అందంగా ఉండాది. దగ్గు మాన్పే పని దానిది కాదు. మాత్ర ఏసుకో."

సత్రం కుళాయి నీళ్లతోనే ఆమె మాత్ర మింగింది. అబద్ధాన్ని చీల్చడం నాకు తెలుసు. చీల్చినచోట మనిషికి గాయం కాకుండా చూడటం ఆయనకు తెలుసు.

తిరిగి వస్తూ ఆయన నుదుటి నామం వైపు చూసి, "మరి మీ దేవుడి సంగతేమి అయ్యవారూ?" అన్నాను.

"ఆయప్పను లెక్కలకు సాక్ష్యం పిలవనప్పా. లెక్క తప్పితే ఆయప్ప పరువు పోతాది."

నిన్న పాకాల వెళ్లాను. రాజమ్మ వాకిట్లోకి వచ్చింది. జబ్బు ఆనవాలే లేదు.

"ఇంక శేషమెంతని ఎవరడగతారన్నా?"

ఎదురుగా నిండుగా ఊపిరి తీసుకుంటూ నిలబడిన ఆ మనిషే ఆయన మిగిల్చిన శేషం. ఆమెకు నమస్కరించి వచ్చాను. అది ఏ పైలోకంలోనో ఉన్న ఆయనకు చేరనక్కరలేదు.