పక్కింటి పడుగు మీద మసి

నా చిన్నప్పుడు వరంగల్‌లో మా గల్లీ మొత్తానికి లారీ ఉన్న ఇల్లు మాదొక్కటే. అదీ మూడు చేతులు మారిన లారీ. రంగు పోయి, ఒక తలుపును తాడుతో కట్టుకుని, ఆగిన చోటల్లా నాలుగు చుక్కల నూనె కార్చేది. అయినా నా గొప్ప నాది. మిగతావన్నీ మగ్గాల ఇళ్లు. ఆ మగ్గాల చప్పుళ్ల మధ్య మా బాపు ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఎవరెవరు చూస్తున్నారా అని నేను అటూ ఇటూ చూసుకునేదాన్ని.

మా బాపు ములుగు వైపు నుంచి వెదురు తోలేవాడు. ఒకసారి ఆ అడవి దారిలో బండరాయి తగిలి సైలెన్సర్ చీలిపోయింది. సైలెన్సర్ లేని లారీ మోత విన్నవాళ్లకే తెలుస్తుంది. గల్లీలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు, చౌరస్తాలో పోలీసులు ఆపేవాళ్లు. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. "గా డబ్బా చేసుడు పెద్ద ఇద్దెనా? నేనే చేస్త" అన్నాడు మా బాపు. అన్నట్టే మా వాకిట్లో పని మొదలుపెట్టాడు.

ఎక్కడో పాడుబడిన బోరులోంచి తీసిన లావు పైపు ముక్కను తెచ్చాడు. దాని లోపల పట్టేలా సన్న పైపు ఇంకొకటి. సన్న పైపు నిండా చేతి డ్రిల్లుతో బెజ్జాలు వేయడానికే రెండు రోజులు పట్టింది. డ్రిల్లు మొన మీద నూనె చుక్కలు వేయడం నా పని. రెండు పైపుల మధ్య ఖాళీలో కూరడానికి లేతు షాపులో రాలిన ఇనుప పొట్టు బస్తాడు మోసుకొచ్చాడు. పొగ ఆ బెజ్జాల్లోంచి పొట్టులోకి దూరితే చప్పుడు అక్కడికక్కడే అణిగిపోతుందని నాకు చెప్పాడు. రెండు కొసలకు మూతలు మాత్రం వెల్డింగ్ షాపులో అతికించి, పాత కమాను పట్టీలు వంచి క్లాంపులు చేసి, లారీ కింద వెల్లకిలా పడుకుని బిగించాడు. స్టార్ట్ చేస్తే మోత నిజంగానే సగానికి తగ్గింది. గల్లీ వాళ్లంతా వచ్చి, కొత్త పెళ్లికొడుకును చూసినట్టు లారీ కిందికి వంగి వంగి చూసి పోయారు.

లోపం ఒకటే మిగిలింది. పొగ గొట్టం వెనకదాకా రావడానికి పైపు చాలలేదు. ఇంకో ముక్క దొరికేదాకా అని మా బాపు గొట్టాన్ని మధ్యలోనే ఎడమ పక్కకు తిప్పాడు. పైగా ఆ ఇనుప పొట్టుకు లేతు నూనె అంటి ఉంది కదా, పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడల్లా గొట్టం నల్లటి జిడ్డు మసి కక్కేది. సరిగ్గా ఆ ఎడమ పక్కనే గల్లీ వాళ్లు వంతులవారీగా పడుగులు సాగదీసేవాళ్లు.

మగ్గానికి ఎక్కించే నిలువు దారాలే పడుగు. వాటిని గల్లీ పొడవునా గుంజలకు కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదరకముందే అంతా అయిపోవాలి. తడి పడుగును పక్కకు జరపడానికి వీల్లేదు. దాన్ని ఎవరూ దాటరు. పిల్లలం కూడా పక్క సందులోంచి చుట్టు తిరిగి పోయేవాళ్లం.

అందుకని మా బాపు నాకొక పని అప్పజెప్పాడు. ఆయన లారీ తీసేముందు నేను పోయి పడుగు వాళ్లకు చెప్పాలి. సరుకు మీద కప్పే తాటిపత్రిని నేనొక కొస, వాళ్లొక కొస పట్టుకుని పడుగుకూ లారీకీ మధ్య అడ్డంగా నిలబడాలి. అప్పుడు నేను కేకేస్తే ఆయన స్టార్ట్ చేస్తాడు. డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఎడమ వైపు కింద ఏముందో ఆయనకు కనబడదు. నాలుగైదు సార్లు బాగానే చేశాను.

ఆ రోజు పక్కింటి అక్క వంతు. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది. ఆడమనిషి ఒక్కతే మగ్గం ఏం నడుపుతుందని గల్లీ వాళ్లకు నూలిచ్చి గుడ్డ నేయించుకునే సావుకారు ఆమెకు ఇవ్వడం ఆపేశాడు. ఎన్నోసార్లు తిరిగి, బతిమాలుకున్న మీదట తెల్ల తువ్వాళ్ల కోసం ఒక్క పడుగుకు సరిపడా నూలు ఇచ్చాడు. ఇది మచ్చ లేకుండా నేసిస్తేనే ముందు ముందు నూలు ఇస్తానని, లేకపోతే మగ్గం సంగతి మరిచిపొమ్మని చెప్పాడు. ఈ మాట గల్లీ అంతటికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ పొద్దున మా బాపు నన్ను లారీలో బడి దగ్గర దింపుతానన్నాడు. ఉతికిన యూనిఫాం, కొత్త రిబ్బన్లు. తాటిపత్రి పట్టుకుంటే గ్రీజు అంటుతుంది, బట్టలు మాస్తాయి. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. అక్కకు చెప్పకుండానే పోయి క్యాబిన్‌లో కూర్చున్నాను.

"చెప్పినవా బిడ్డా? తాటిపత్రి వాళ్లే పట్టుకుంటమన్నరా?"

"చెప్పిన బాపు. వాళ్లే పట్టుకుంటమన్నరు."

ఇంజన్ అందుకుంది. మరుక్షణం అవతల నుంచి ఎవరో కెవ్వుమన్నారు. మా బాపు ఇంజన్ ఆపి దూకాడు, వెనకే నేను. గంజి తడి ఆరని తెల్ల దారాల మీద మూరల కొద్దీ నల్ల జిడ్డు. అక్క చేతిలో కుంచె ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

"పిల్లతోని చెప్పి పంపిన గదమ్మా! చెప్పలేదా?" అన్నాడు మా బాపు.

అక్క నా వైపు చూసింది. నేను నా రిబ్బన్ కొస నలుపుకుంటూ నిలబడ్డాను. "చెప్పిందన్నా. నేనే పనిల వడి మర్చిన" అంది.

మా బాపు అది నమ్మాడు. నమ్మి ఆమెనే మందలించాడు, బతుకుదెరువు దగ్గర గింత మరుపైతే ఎట్లనమ్మా అని. ఆ మాటలు పడుతూ ఆమె తల వంచుకుని దారాలు తుడుస్తోంది. నేను లారీ ఎక్కి బడికి పోయాను. బడి ముందు దిగుతుంటే పిల్లలంతా నన్నే చూశారు.

ఆ తర్వాత అక్క ఆ నూలును కుంకుడుకాయ నురగలో నానబెట్టింది, ఉడకబెట్టింది, బండకేసి రుద్దింది. జిడ్డు కొంచెం కూడా వదల్లేదు. నేను ఎదురుపడితే "బడికి పోతాన్నవా?" అని ఎప్పటిలాగే పలకరించేది. పలకరించి, ఇంకా ఏదో అడగబోతున్నట్టు కాసేపు నా ముఖం చూసేది. హమ్మయ్య, అక్కకు నా మీద కోపం లేదు అనుకునేదాన్ని. గండం గడిచిందని కడుపు నిండా తిని పడుకునేదాన్ని. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది.

నాలుగో రోజు సావుకారు వచ్చాడు. నూలు చూశాడు. అక్క ఆయనకూ అదే చెప్పింది, నేనే మర్చిన అని. ఆయన అక్కకు రావలసిన నూలును అవతలి వీధిలో ఇంకో ఇంటికి ఇచ్చేశాడు. అది విన్నాక నాకు ముద్ద దిగలేదు. ఏడుస్తూ బాపుతో అంతా చెప్పేశాను.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు, లేచి నా చెయ్యి పట్టుకుని సావుకారు ఇంటికి తీసుకుపోయాడు. ఆయన ముందు నా నోటితోనే చెప్పించాడు. "గీ ముచ్చట నిన్న చెప్పినా ఇంకో పడుగు ఇచ్చేటోన్ని. లారీ చేసినదానికి ఆమెనెందుకు అంట? ఇప్పుడు ఇంకొకళ్లకు మాటిచ్చిన" అన్నాడు సావుకారు. ఇంటికి రాగానే మా బాపు వసారాకు ఊతంగా ఉన్న ఇనుప పైపును ఊడబీకి, గొట్టానికి అతికించి లారీ వెనకదాకా తెచ్చాడు. "గిది ముందే చెయ్యాల్సింది" అని తనలో తనే అనుకున్నాడు. వసారా కప్పు ఒక పక్కకు వాలిపోయింది.

తర్వాత నేను అక్క దగ్గరికి పోయాను. వేరేవాళ్లకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెడుతోంది. అబద్ధం ఎందుకు చెప్పినవ్ అక్కా అని ఏడుస్తూ అడిగాను. రాట్నం ఆపకుండానే చెప్పింది. "అందరి ముందట నిన్ను నిలవెట్టుడెందుకని అట్లన్న పిల్లా. పొద్దుమూకే వరకు నువ్వే వచ్చి మీ బాపుకు చెప్తవనుకున్న. ఆ రోజు చెప్పలే. తెల్లారి చెప్తవనుకున్న. సావుకారి వచ్చేదాక సూసిన."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ ఎండాకాలమంతా ఆమె మగ్గం గుంటలో కోళ్లు పడుకున్నాయి. వానలు పడకముందే ఆమె తమ్ముడి వెంట మరమగ్గాల ఊరు భివండికి పోయింది, మళ్లీ నాకు కనబడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. తప్పు చేస్తే నలుగురిలోనైనా సరే, ఆ నిమిషంలోనే ఒప్పేసుకుంటానని మా ఇంట్లో నాకు మంచి పేరుంది. నానమ్మను చూసి నేర్చుకోండి అని కోడలు పిల్లలకు చెబుతూ ఉంటుంది. ఆ మాట వినబడగానే నేను అక్కడి నుంచి లేచిపోతాను. నాకు ఆ నిమిషం విలువ తెలియడానికి ఒక మనిషి నాలుగు రోజులు నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. ఆ నాలుగు రోజుల్లోనే ఆమె మగ్గం పోయింది.