మూడో చరణం దాకా ఎవరూ ఆగలేదు

నా ఆల్బమ్‌లో ఆరు పల్లె పాటలున్నాయి. అయిదింటిని ఎవరూ వినలేదు. ఒకదాన్ని సగం విన్నారు. ఆ సగమే హిట్టయింది. నాకు మండేది దాని గురించే.

పాడమని నన్ను ఎగదోసింది గల్ఫ్‌లో నేనుండే అల్ సువైక్ లేబర్ క్యాంపులో నా రూమ్ వాళ్లే. "నీ గొంతు యూట్యూబ్‌ల పడితే ఆగదన్నా" అన్నవాళ్లందరూ నాకు గుర్తున్నారు. రూవిలో టైలర్ దుకాణం పైగదిని స్టూడియో చేసుకున్న కీబోర్డు అతని దగ్గర, శుక్రవారాలు వెళ్లి పాడాను. బీడీ ఆకు కోసే చప్పుడు కావాలని కత్తెర పట్టుకెళ్తే, "అంకుల్, గవన్నీ ఇప్పుడు నడువయి" అని కీబోర్డులో చప్పట్లు పెట్టాడు. వయసులో నాకంటే ఏమంత చిన్నవాడు కాదు.

ఆ పాట నా భార్య మీద కట్టింది. మా ఊళ్లో ఆమె కార్ఖానాలో బీడీలు చేస్తుంది. మొదటి రెండు చరణాల్లో మొగుడు ఆమెను ఆటపట్టిస్తాడు. ఆకు మీదున్న చూపు నా మీద లేదంటాడు. మూడో చరణంలో ఆమె తిరిగి అడుగుతుంది. "దేశం వోయేటప్పుడు నన్నడిగి వోయినవా" అని మొదలుపెడితే పాట ముగిసేదాకా ఆమెదే మాట. ఆ మాట నేను కల్పించింది కాదు, ఆమె నన్నడిగిందే. దాని కోసమే పాట కట్టాను.

మా ఊరివైపు యూట్యూబ్ ఛానెల్ నడిపే అతను ఆల్బమ్ పెడితే ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అతనే ఈ పాటను రెండు చరణాలకు కోసి, డీజే కొట్టించి మళ్లీ పెట్టాడు. ఇక పెళ్లి బరాతుల్లో అదే మోత. ఫోన్ చేసి నిలదీశాను.

"మూడోదానికాడ డ్యాన్స్ ఆగిపోతదన్నా. హిట్టయింది గదా, ఇంకేం లొల్లి నీకు?"

లొల్లి మా ఇంట్లో. బీడీల కార్ఖానాలో తోటి ఆడవాళ్లు, నీ మొగుడు ఊరందరి ముందు నిన్ను ఆడిపోసుకుంటున్నాడని ఆమెను ఎత్తిపొడిచారు. ఆమె నాతో మాట్లాడటం తగ్గించింది. చివరిసారి ఒక్కటే అడిగింది. "నేనన్న మాట యాడవోయింది?"

ఇక్కడ కంపెనీ బస్సులో రోజూ ఆ డీజే పాటే. మా మేస్త్రీ ఒకడు వెనక సీట్లోంచి నన్నే చూస్తూ, "ఏం సింగరూ, వదిన ఇంకా ఆకులకెళ్లి తలెత్తలేదా?" అనేవాడు. అందరూ నవ్వేవారు.

ఒకరోజు అందరికంటే ముందెక్కి డ్రైవర్ పక్కన కూర్చున్నాను. అతను పెషావర్ మనిషి, తెలుగు ముక్క రాదు. "ఉస్తాద్, ఆజ్ పూరా గానా" అని, ఇవాళ పాట మొత్తం వినాలని చెప్పి నా ఫోన్ తగిలించాను. నెమ్మదైన అసలు పాట మొదలైంది.

"పొద్దుగాల్నే నిద్ర పాటేందే, తీసెయ్!" వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

ఎవరూ ఆపకుండా మీటల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. సైట్ దగ్గరే, రెండో చరణం అవుతుండగానే వచ్చేసింది. అందరూ లేచారు. నేను వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"దిగుండ్రి! డ్యూటీ టైమైంది!" బయట ఫోర్‌మన్ అరుపు.

"మూడోది అయినంక దిగుతం."

తోసుకున్నారు, తిట్టారు. ఈలోగా ఆమె మాట మొదలైంది. నా రొమ్ము మీద చెయ్యిపెట్టి నెడుతున్న మేస్త్రీ ఆగాడు. అయిపోయేదాకా విన్నాడు.

"గిది ముంగట్నే ఎందుకు పెట్టకపోతివి? తప్పు నీదే."

ఇదీ నా నెత్తినే. "నాకు గాదు, ఆమెకు చెప్పు" అని అక్కడే ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అతను ఫోన్ దగ్గరికి వంగాడు. "వదినా, నమస్తే. పాట మొత్తం విన్నం. గెలిసింది నువ్వే."

"మీరు బస్సుల ఇంటే ఏమాయె?" అంది ఆమె. "కార్ఖానల ఇనాలె."

ఫోన్ పెట్టేసింది. నేను తలుపు వదిలి ముందుగా దిగాను. ఫోర్‌మన్ నా వెంటే తిడుతూ వచ్చాడు. ఛానెల్ అతనికి ఫోన్ కలిపాను. ఎత్తలేదు. మళ్లీ కలిపాను.