మేకలకు మూసిన గట్టు

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే దారికి లోపలగా ఉంటుంది మా ఊరు. తొంభైల చివర్లో ఊరి వెనక గట్టు బోడిగుండులా ఉండేది. వానొస్తే మట్టంతా కొట్టుకొచ్చి మా చేలమీద పడేది. అప్పుడే వాటర్‌షెడ్ పథకం వచ్చింది. హైస్కూల్లో పంతుల్ని, రాత బాగుంటుందని కమిటీకి నన్నే కార్యదర్శిని చేశారు.

గట్టు మీద కందకాలు తవ్వాలి, రాతికట్టలు వేయాలి, మూడేళ్లు మేకలు ఎక్కకూడదు. ఆ తీర్మానం రాసి చదివింది నేనే. మేకలు మేపుకుని బతికే ఒంటరి మనిషి ఒకామె వెనక కూర్చుని వింటోంది.

"గట్టు మూసేస్తే మేకల్ని ఏడ మేపమంటారు మాస్టారూ?" అంది.

"మూడేళ్లేగదమ్మా. తర్వాత కావలసినంత మేత" అన్నాను. ఆ మూడేళ్లూ అవి ఏం తినాలో నేను ఆలోచించలేదు.

నెల తిరక్కుండానే ఆమె మేకలు గట్టెక్కాయి. కాపలావాళ్లు తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టారు. ఆమె బడికి పరుగెత్తుకొచ్చింది.

"మేకపిల్లలు ఇంటికాడ పాలకి అరుస్తున్నయ్యండీ. తల్లుల్నన్నా వదలమని ఓ మాట చెప్పండి."

"రూలు అందరికీ ఒకటేనమ్మా" అని క్లాసులోకి వెళ్లిపోయాను. సాయంత్రం దాకా మేకల్ని వదల్లేదు. ఆ వారంలోనే మేకలన్నిటినీ జగ్గయ్యపేట తోలి అమ్మేసిందట. తర్వాత మిరపచేలల్లో కూలికి పోతూ కనిపించేది. నన్ను చూస్తే తలకు చుట్టుకున్న గుడ్డ సర్దుకుని పక్కకు తిరిగేది.

గట్టు పచ్చబడింది. సీతాఫలం, తంగేడు, రేగు గుబురుగా లేచాయి. ఎన్నాళ్లకో కౌజుపిట్టల అరుపు విన్నాం. కింద బావుల్లో ఎండాకాలం కూడా నీళ్లున్నాయి. జీపుల్లో అధికారులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. వాళ్లలో ఒకాయన, "ఈ నీళ్లు ఎవరి పొలాలకండీ?" అని మామూలుగానే అడిగాడు. వరసగా చెప్పుకొచ్చాను. మూడో పేరు మా నాన్నది.

ఆ తర్వాతి సమావేశంలో, గట్టును భాగాలు చేసి వంతులవారీగా మేకలకు వదులుదామన్నాను. పొలం లేనివాళ్లు గడ్డి కోసుకోవచ్చని కూడా రాద్దామన్నాను.

"మేకలొస్తే మళ్లీ బోడిగుండేరా!" అని మా నాన్నే లేచాడు. నేను వదల్లేదు. చివరికి కమిటీవాళ్లు ఒప్పుకున్నారు.

ఆ కబురు చెప్పడానికి నేనే ఆమె ఇంటికి వెళ్లాను. చేట పక్కన పెట్టి అంతా వింది.

"మంచి పనే చేశారు. గడ్డి కోసుకొచ్చి దేనికెయ్యను మాస్టారూ?"

ఆమె మళ్లీ చేట అందుకుంది.

వంతులు సాగాయి. మరో రెండిళ్లవాళ్లు మేకల్ని పెంచుకున్నారు. గట్టు బోడి కాలేదు, పిట్టలు పోలేదు. ఆమె మాత్రం మళ్లీ మేకను కొనలేదు.