తెగని కత్తి

అడవి పల్లెల్లో పశువులకు మందులిచ్చే ఎబినేజర్ జేబులో ఎప్పుడూ ఒక మడతకత్తి ఉంటుంది. కట్లు విప్పాలన్నా, తాళ్లు కోయాలన్నా అదే. సైకిల్ తొక్కుతూ కూడా, నిద్రపోతున్న పిట్టను తడిమినట్టు చొక్కా మీదుగా దాన్ని తడుముకుంటాడు. అన్నల అలికిడి ఉందని చెక్‌పోస్టు పోలీసులు పదునున్న కత్తినల్లా లాగేసుకుంటున్నారు. అందుకే ఈసారి పర్ణశాల అంగట్లో ఒక్కొక్కటే విప్పి, బొటనవేలికి ఆనించి, గీత పడనిదాన్ని ఏరుకున్నాడు. “ఏంది సారూ, అందరు తెగేది అడుగుతరు, నువ్వు తెగనిది ఏరుతున్నవ్?” కొట్టు కళ్యాణి నవ్వింది. “తెగేది నా జేబుల ఉండనిస్తలేరమ్మా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే తండాలో ముసలమ్మ మోతీ పెంచుకునే లేగదూడ మెడకు నైలాన్ తాడు బిగుసుకుంది. “జల్దీ కొయ్యి సారూ, కొడవళ్లన్ని చేన్లకు పోయినయ్!” అంటూ ఆమె దూడ తలను ఒడిలోకి తీసుకుంది. అతను కోశాడు, రుద్దాడు. తాడు మెరుస్తూ జారిపోయింది. చివరికి పళ్లతో కొరికాడు. అది తెగేసరికి దూడ కంట్లో ఆకాశం కదలకుండా నిలిచిపోయింది. మోతీ ఆ కంటిని అరచేత్తో మూసింది.

సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆ కత్తి విప్పి, అంచు మీద వేలు నడిపి పకపకా నవ్వాడు. “దీంతోని ఏం తెగుతది డాక్టరూ? తీస్కపో.” ఎబినేజర్ చెయ్యి చాపలేదు. పోలీసే దాన్ని మడిచి, అతని జేబులో వేసి, పైన మెల్లగా తట్టాడు.