మావయ్యగారి పథ్యం

గుడివాడ నుంచి బందరుకు కోడలిగా వచ్చిన మొదటి ఏడాదిలో మా మావయ్యగారు నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన మిషన్ బడిలో తెలుగు మేష్టారు. పొగలు కక్కే కాఫీ నాలుగు గుక్కల్లో తాగేసి, కండువా వేసుకుని బడికి వెళ్లిపోయేవారు. నాకేదైనా చెప్పాలంటే అత్తయ్య చేత చెప్పించేవారు. మర్యాదే తప్ప కోపం కాదు.

ఆయనకు ఉప్పుచేప అంటే ప్రాణం. అత్తయ్య ఆ ముక్కను నిప్పుల మీద కాలుస్తుంటే వాసన వీధి మొదటికి తెలిసేది. పప్పుచారు అన్నంలో ఆ ముక్క, పక్కన గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. నుదుటి చెమట తుడుచుకుంటూ తినేవారు. అంత ఇష్టంగా అన్నం తినే మనిషిని మళ్లీ చూడలేదు నేను.

కడుపులో మంట ఆయనకు ఏళ్ల తరబడి ఉండేదట. భోజనమయ్యాక వాము నమిలేవారు. తగ్గకపోతే చిటికెడు వంటసోడా నీళ్లలో కలుపుకుని తాగేవారు. ఆ ఏడాది వానలు వెనకబట్టాక, కంచంలో అన్నం సగం వదిలేసి లేవడం మొదలైంది.

"రెండు ముద్దలకే నిండిపోతోందే," అనేవారు అత్తయ్యతో. చొక్కాలు వదులైపోయాయి.

మా ఆయన ఆసుపత్రికి వెళ్దామన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. అక్కడి వైద్యుడొకాయన ఆవిడ తల్లికి కామెర్లు తగ్గించాడు. "డాక్టర్లు ముందు కోస్తామంటారు. ఆయన చెయ్యి చల్లనిది," అన్నారు. చల్లపల్లి దాకా బస్సులో, అక్కణ్ణుంచి కాలువలో పడవ మీద వెళ్లాం. కాలువకు రెండు వైపులా కోతకొచ్చిన వరి. మావయ్యగారు పడవలో ఒరిగి కూర్చుని, ఏ రేవు తర్వాత ఏ ఊరు వస్తుందో తనలో తాను చెప్పుకుంటూనే ఉన్నారు.

వైద్యుడు నాడి చూశాడు, నాలుక చూశాడు. "అజీర్తి ముదిరింది మాస్టారూ. ఉప్పుచేప, పచ్చళ్లు, కాఫీ మూడూ మానెయ్యాలి," అన్నాడు. నేలవేము కషాయం, ఏవో ఆకుల పొడి ఇచ్చాడు.

పథ్యం వంట నా మీద పడింది. "నా చెయ్యి కారానికి అలవాటు పడిపోయిందమ్మా, నువ్వే వండు," అన్నారు అత్తయ్య. పాత బియ్యం జావ, పెసరకట్టు, ఉప్పు తగిలీ తగలనట్టుగా బీరకాయ కూర. నెల తిరిగేసరికి మంట తగ్గింది. ఒకరోజు గిన్నె కింద పెట్టి, తలెత్తి, నాతోనే అన్నారు: "అమ్మాయ్, ఇవాళ కట్టు బాగుందమ్మా." వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతో.

ఆ ఉపశమనమే మమ్మల్ని మోసం చేసింది. పథ్యం మంటను తగ్గించింది గాని, లోపలున్నది పెరుగుతూనే ఉంది. నాలుగో నెలలో జావ కూడా వాంతి అయిపోసాగింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు పొట్ట నొక్కి చూసి, వెంటనే గుంటూరు తీసుకెళ్లమని చీటీ రాసిచ్చారు. గుంటూరులో ఆపరేషన్‌కని కోసి, తీయడానికి వీల్లేదని మళ్లీ కుట్టేశారు. కడుపులో కాన్సరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

అత్తయ్య కుమిలిపోయారు. "నా చేతులతో నేనే పెట్టాను ఆ ఉప్పూ కారం," అని గోడకేసి తల కొట్టుకున్నారు. మావయ్యగారు మంచం మీంచే కేకేశారు. "ఇలా రా. నువ్వు పెట్టకపోతే నేను అడిగి తినేవాణ్ణి. ముప్పై ఏళ్లు తృప్తిగా తిన్నాను. ఆ తృప్తిని పాపం చెయ్యకు."

కబురు తెలిసి దివిసీమ వైద్యుడు వచ్చాడు. మేం పిలవలేదు. గుమ్మంలో నిలబడి, "పొరపాటు పడ్డానండీ మాస్టారూ. అజీర్తే అనుకున్నాను. నెల చూసి పెద్దాసుపత్రికి పంపాల్సింది," అన్నాడు. మా ఆయన ముఖం తిప్పేసుకున్నారు. మావయ్యగారు మాత్రం కుర్చీ వేయమన్నారు నాకు సైగ చేసి. "ఇక ముందు నాలాంటి వాళ్లు వస్తే వెంటనే ఆసుపత్రికి పంపండి. అది చాలు నాకు," అన్నారు.

చివరి నెలన్నర ఆయన గంజినీళ్లే చెంచాలతో తాగారు. కానీ ఆ నెలన్నరలోనే మా మధ్య మాటలు వచ్చాయి. సాయంత్రాలు మంచం పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లమ్మ గూడూరులో వండిన వంటలు చెప్పేవారు. చింతచిగురు రొయ్యలు ఎలా వేయించాలో, పులుసులో బెల్లం ఎప్పుడు వెయ్యాలో. "నువ్వు వండి వాళ్లకి పెట్టు. నాకు వాసన వస్తే చాలు," అనేవారు. వండేదాన్ని. తలుపు తీసి ఉంచమనేవారు. మేం తింటుంటే కళ్లు మూసుకుని, "పులుపు ఒక రవ్వ ఎక్కువైంది," అని అక్కణ్ణుంచే చెప్పేవారు. నిజంగానే ఎక్కువై ఉండేది.

మామిడికాయలు వచ్చే రోజుల్లో, ఒక ఆదివారం గుడి గంట కొట్టాక ఆయన పోయారు.

రెండేళ్ల తర్వాత మొవ్వ వైపు నుంచి ఒక రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అన్నం సయించక దివిసీమ వైద్యుడి దగ్గరికి వెళ్తే, మందు ఇవ్వకుండా ఆసుపత్రికి తరిమాడట. బందరులో తెలిసినవాళ్లెవరూ లేరంటే మా ఇంటి గుర్తులు చెప్పాడట. అప్పటికి బందరు ఆసుపత్రికే ఆపరేషన్ చేసే డాక్టరు వచ్చారు; ఆ మనిషికి సగం కడుపు తీసేశారు, కానీ బతికాడు. ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ జావ నేనే కాచి పంపాను. మా ఆయన సైకిల్ మీద పట్టుకెళ్లి ఇచ్చి వచ్చేవారు.