గోడకు రెండువైపులా వేడినీళ్లు

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు మా ఇంట్లో పంచడానికి వీలుకానిది ఒక్కటే మిగిలింది, మేడ మీది సోలార్ హీటరు. బీరువాలు పంచారు, మంచాలు పంచారు, ఇత్తడి గుండిగలు చెరో రెండు తీసుకున్నారు, వరండా మధ్య నుంచి పెరటి చివరిదాకా గోడ కూడా లేపారు. హీటర్ని మాత్రం ఏం చేస్తారు? ట్యాంకు ఒకరికీ, గాజు గొట్టాలు ఇంకొకరికీ ఇస్తే ఇద్దరూ చన్నీళ్లే పోసుకోవాలి. అందుకని దాన్ని ఉమ్మడిగా వదిలేశారు. నా అదృష్టం కొద్దీ వదిలేశారు.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. మా ఆయన, బావగారు కలిసి చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటలు పూత మీదే కొనేవారు. నేను చిన్నకోడలిని. పెద్దకోడలిని అక్కా అని పిలుస్తాను. సొంత అక్క ఉన్నా నాకు అంతకంటే ఏం చేసేది కాదు. నేను అమ్మలేని పిల్లనని నా రెండు పురుళ్లూ ఆవిడే పోసింది. పెరట్లో కాగు నిండా నీళ్లు మరగబెట్టి, పీట మీద కూర్చోబెట్టి, నడుం మీద ధారగా పోసేది. "అమ్మో, కాలుతోందక్కా" అంటే, "కాలనీ. రేపు ముసలిదానివయ్యాక నన్ను తల్చుకుంటావు" అనేది. ముసలిదాన్ని కాకుండానే తల్చుకుంటున్నాను.

సోలార్ పెట్టించింది అందరం కలిసున్నప్పుడే. కాగు కింద పొయ్యి ఊదీ ఊదీ పొగకి అక్క కళ్లు పాడవుతున్నాయని బావగారు పట్టుబట్టి తెప్పించారు. ట్యాంకు వీధివైపు, స్నానాల గదులు పెరటివైపు. మధ్యలో మేడంతా దాటి పైపు పిట్టగోడ వెంట రావాలి. రాత్రంతా మంచులో నానిన ఆ పైపులో నీళ్లు పొద్దున్నకి చల్లగా అయిపోయేవి. ముందు బకెట్టున్నర చన్నీళ్లు పారబోస్తే గానీ వేడి దిగేది కాదు.

దానికి బావగారు విరుగుడు కనిపెట్టారు. మామిడికాయలు మాగేసిన గడ్డిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. గడ్డిలో ఉన్న వేడి ఇంక దేంట్లోనూ లేదని ఆయన నమ్మకం. ఆ వేడి గడ్డిది కాదు, మాగే కాయదని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మామిడి వాళ్లం కదా, మాకు లోకమంతా కాయలాగే కనిపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ మేడెక్కి పైపు పొడుగునా వరిగడ్డి చుట్టి, పైన గోనెపట్టాలు కప్పి, పురికొసతో బిగించి కట్టారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత ఒక వాన పడింది. గడ్డి నాని ముద్దయింది, నీళ్లు అంతకుముందుకంటే చల్లబడ్డాయి. అక్కడితో ఆగినా బాగుండేది. గడ్డిలో తాలూ తప్పా పోగా మిగిలిన గింజలేవో ఉన్నట్టున్నాయి, గోనెపట్టాల సందుల్లోంచి పచ్చగా మొలకలు వచ్చేశాయి. మార్కెట్లో ఎవరు కనిపించినా, "మేడ మీద నాట్లేశారంటగా, కోతలెప్పుడండీ?" అనేవారు. అన్నదమ్ములు ఒకరి భుజం ఒకరు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అక్క ఆ మొలకలు పీకి పక్కింటి దూడకి వేసింది. వాళ్లిద్దరూ కలిసి అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆ మరుసటి ఏడు చాట్రాయి దగ్గర ఒక పెద్ద తోట మీద బావగారు మనసుపడ్డారు. మా ఆయన వద్దన్నారు. బావగారు కొన్నారు. గాలివాన వచ్చి కాయంతా నేలరాలింది. "నేను ముందే చెప్పానుగా" అన్న ఆ ఒక్క మాటా మా ఆయన మింగేసి ఉంటే గోడ లేచేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఇంట్లో నోళ్లు ఎలాంటివో ఊరికంతా తెలుసు. మాట మీద మాట పెరిగి, రెండు నెలలు తిరక్కుండానే తాపీమేస్త్రి వచ్చాడు.

మగవాళ్లకి మాటల్లేని ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకుంటే అది రాయబారమైనా అవుతుంది, పుల్లలు పెట్టడమైనా అవుతుంది. ఎవరూ వద్దనకపోయినా నేనూ అక్కా మాట మానేశాం. కానీ నీళ్ల దగ్గర మానడం కుదరలేదు. పైపు పెరట్లోకి దిగే చోట రెండుగా చీలి, గోడకు చెరోవైపు ఉన్న స్నానాల గదుల్లోకి వెళ్తుంది. ఇద్దరం ఒకేసారి కొళాయి తిప్పితే ధార సగమై, ఎంతసేపటికీ ఇద్దరికీ చన్నీళ్లే. ఒకరు ముందు తిప్పి చన్నీళ్లు వదిలేసి, వేడి రాగానే రెండోవాళ్లని కేకేయాలి. ఇది అవసరం కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు.

"అక్కా, వేడొచ్చింది, పట్టుకో!"

"ఆఁ, పడుతున్నా. నువ్వు కట్టెయ్!"

రోజుకి మాకు దక్కింది అంతే. ఆ రెండు మాటల్లోనే అన్నీ వెతుక్కునేదాన్ని. "ఇంకో బకెట్టు కావాలే" అంటే కూతురు వచ్చిందని. "ఈవేళ నాకొద్దు, నువ్వే పోసుకో" అంటే ఒంట్లో బాగాలేదని. ఒకసారి ఆవిడ గొంతు బొంగురుపోయి వినిపించింది. ఏమైందని అడగలేకపోయాను. మిరియాల చారు కాచాను, గోడ దాటించే ధైర్యం లేక మేమే తాగాం. ఆ రోజంతా ఇంట్లో గిన్నెల మీద విసుక్కున్నాను. ఇంకోసారి అటునుంచి, "ఎండ బాగా కాసింది, నీళ్లు సలసలా ఉన్నాయి. చూసి పోసుకోవే" అని కేక వచ్చింది. ఆ ఒక్క జాగ్రత్త మాటతో నాకు వారం గడిచింది. మేము అలా అరుచుకున్నంతసేపూ వరండాలో మా ఆయన చేతిలో పేపరు పేజీ తిరిగేది కాదు. ఆయన చెవి ఎటుందో నాకు తెలుసు. అడిగితే మాత్రం ఒప్పుకోరు.

మొన్న చలికాలం పైపు జాయింటు కారుతోందని హనుమాన్ జంక్షన్ నుంచి ప్లంబరు వచ్చాడు. మాటకారి. పైపుకి ఇంకా వేలాడుతున్న గోనెపీలికలు చూసి, "ఇట్టా వదిలేస్తే వేడంతా గాలికే పోద్దండీ. ఫోమ్ తొడిగి, ఎండకి పాడవకుండా పైన టేపు చుట్టానంటే, తిప్పీతిప్పగానే వేడినీళ్లే" అన్నాడు. ఆ మాట గోడకి అటూ ఇటూ వాడే మోశాడు.

"పెద్దాయన చేయించమంటున్నారండీ. మీరేమంటారు?"

"ఆయన సరేనంటే నాకేం అభ్యంతరం?" అన్నారు మా ఆయన.

గోడ కట్టాక అన్నదమ్ములిద్దరూ ఒక్కమాట మీదకి వచ్చింది అదే మొదటిసారి. వీళ్ల సఖ్యత తగలెయ్య, నా కొంప ముంచడానికే కుదిరిందా అనిపించింది. మెట్ల దగ్గర నిలబడి ప్లంబరుని ఆపాలని చూశాను. ఏమని ఆపను? నాకు చన్నీళ్లే కావాలి నాయనా అనా?

నిలువునా చీరిన నల్లటి ఫోమ్ గొట్టాలు పైపుకి తొడిగాడు. వంపుల దగ్గర ఏటవాలుగా కోసి అతికించాడు. పైపు రెండుగా చీలే చోట కూడా సందు లేకుండా మూసి, మొత్తం మీద వెండిరంగు టేపు చుట్టాడు. వంక పెట్టడానికి లేకుండా చేశాడు మహానుభావుడు.

మర్నాడు కొళాయి తిప్పాను. ఒక చెంబెడు చన్నీళ్లు, అంతే, వేడి దిగింది. కేక వేయబోతుంటే గోడ అవతల అప్పటికే బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరికీ ఒకేసారి వచ్చాయి. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు.

ఆ రోజు వేడినీళ్లు పోసుకుంటూ ఏడ్చాను. "ఇప్పుడు హాయిగా ఉంది కదా?" అన్నారు మా ఆయన. ఉందన్నాను. చెంబు తీసి విసిరికొట్టాలనిపించింది. మర్నాడు పిలుపు లేదు, ఆ మర్నాడూ లేదు. ఆవిడ బాగుందో లేదో, కూతురు వచ్చిందో లేదో తెలిసే దారి లేదు. కొన్నాళ్లకి ఆయనే పేపరు మడిచి, "ఏంటి, ఈమధ్య అటువైపు సందడే లేదు?" అన్నారు. "సందడి లేకుండా మీరేగా చేయించారు" అన్నాను. ఆయన మడిచిన పేపరు మళ్లీ విప్పారు.

ఒకరోజు పొద్దున్న మంచు బాగా కురిసింది. కొళాయి తిప్పి, చెంబెడు నీళ్లు వదిలి, స్నానాలగది గుమ్మంలో నిలబడ్డాను. గోడ అవతల అక్క బకెట్లో నీళ్లు పడుతున్నాయి. ఆవిడ స్నానాలగది వెంటిలేటర్లోంచి తెల్లగా ఆవిరి బయటికి వస్తోంది. కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది. అయినా నా నోరు ఆగలేదు.

"అక్కా, వేడొచ్చింది, పట్టుకో!"

అవతల ధార చప్పుడు ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. వరండాలో మా ఆయన కూడా విని ఉంటారు. వెనక్కి తిరిగి లోపలికి పోదామనుకుంటుండగా అక్క గొంతు వచ్చింది.

"నాకింకా చల్లగానే వస్తున్నాయే అమ్మాయ్. కాసేపు అలా వదిలే ఉంచు."

వెంటిలేటర్లోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది.

"వదిలే ఉంచానక్కా," అన్నాను. "నీకు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."